వీడ్కోలు కార్డులో 'ఫాయ్బుల్స్' అని రాశారు. తిట్టారా, మెచ్చుకున్నారా?

సందేహాలరావు
నిన్నటితో ఆరేళ్ళ ఉద్యోగానికి దండం పెట్టేశాను. చివరి రోజు టీమంతా కలిసి ఒక కార్డు ఇచ్చారు. అందరివీ మామూలు మాటలే, 'టచ్‌లో ఉండు', 'ఆల్ ద బెస్ట్' బాపతు. మా మేనేజరమ్మ మాత్రం ఒక్కటే వాక్యం రాసింది: 'వీ విల్ మిస్ యూ, ఫాయ్బుల్స్ అండ్ ఆల్.'

చదివినప్పుడు నవ్వేసి ఊరుకున్నాను, ఎందుకంటే ఆ మాటకి అర్థం తెలీదు. ఇంటికొచ్చి డిక్షనరీ తీస్తే 'బలహీనత, లోపం, స్వభావదోషం' అని ఉంది. ఆరేళ్ళు గొడ్డుచాకిరీ చేస్తే చివరికి నా దోషాలే గుర్తున్నాయా ఆవిడకి? పైగా బహువచనం! థాంక్స్ మెసేజ్ పెట్టాలి, చెయ్యి రావడం లేదు. ఇంగ్లీషు తెలిసినవాళ్ళు చెప్పండి. స్పెల్లింగ్ ఎఫ్, ఓ, ఐ, బి, ఎల్, ఈ.

అరసున్న
పొగడ్త కాదు, తిట్టూ కాదు. ముద్దు. 'నీ వంకర టింకరలతో సహా నువ్వు మాకు ఇష్టం' అని. హాయిగా థాంక్స్ చెప్పండి.

టెస్టర్47
నేనింతకాలం అది 'ఫేబుల్' అనుకున్నా. నీతికథలు చెప్పేవాడివి, మిస్సవుతాం అన్నట్టు.

ముక్కుసూటి
అరసున్న గారూ, అంత తీపి పూయకండి. లోపం అంటే లోపమే. వెళ్ళిపోయే మనిషి కార్డు మీద లోపాల ఊసు ఎవరైనా ఎత్తుతారా? ముఖం మీద అనలేనిది కార్డు మీద అన్నారు. మెత్తగా గిల్లడం కార్పొరేటు వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

పాతపుస్తకం
ఇద్దరూ డిక్షనరీలో ఉన్న ఒక్క ముక్కని పట్టుకుని లాగుతున్నారు. ఆ వాక్యంలో తోకని చూడండి. 'వార్ట్స్ అండ్ ఆల్' అని ఇంగ్లీషులో పాత నుడికారం ఒకటుంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండును ఏలిన క్రామ్‌వెల్ తన బొమ్మ గీసే చిత్రకారుడితో 'నున్నగా దిద్దకు, పులిపిర్లతో సహా ఉన్నది ఉన్నట్టు గీయి' అన్నాడని చెప్పుకుంటారు. మీ మేనేజరు పులిపిర్లు తీసేసి ఫాయ్బుల్స్ పెట్టింది. అంటే ఆవిడకి భాష మీద కాస్త మమకారం ఉంది, మీ మీద కూడా ఉన్నట్టే. గిల్లదలుచుకున్నవాళ్ళు ఇంత కష్టపడరు.

మాట పుట్టుక చూసినా అదే తెలుస్తుంది. లాటిన్‌లో 'ఫ్లేబిలిస్' అంటే ఏడవదగినది. అది ఫ్రెంచిలోకి వచ్చి బలహీనం అయింది. అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి రెండుసార్లు, రెండు వేషాల్లో దిగింది. ముందొచ్చినది 'ఫీబుల్', అంటే నీరసం. తర్వాత 17వ శతాబ్దంలో వచ్చినది 'ఫాయ్బుల్'. అన్నదమ్ములన్నమాట. పెద్దవాడు ఇప్పటికీ మంచంలోనే ఉన్నాడు. చిన్నవాడు మాత్రం ఏడుపు మానేసి నలుగురినీ నవ్విస్తున్నాడు.

టెస్టర్47
ఏడవదగినది అన్నారుగా. రావుగారు ఏడుస్తున్నారు. అర్థం సరిపోయింది.

కత్తిసాము
నేను కాలేజీలో నాలుగేళ్ళు ఫెన్సింగ్ ఆడాను. ఈ మాట నాకు డిక్షనరీ కంటే ముందు కత్తి మీద పరిచయం. పాతపుస్తకం గారు అది వదిలేశారు కాబట్టి నేనందుకుంటాను.

కత్తి అలుగుకి రెండు భాగాలు. పిడి నుంచి సగం దాకా 'ఫోర్ట్', అక్కణ్ణుంచి మొన దాకా 'ఫాయ్బుల్'. ఇంగ్లీషులో ఈ మాట మొదట దిగిందే కత్తిసాము మాటగా. మనుషుల గుణాలకి వాడటం ఆ తర్వాత మొదలైంది. 'అదే నా ఫోర్టే' అని అందరూ గొప్పగా చెప్పుకుంటారే, ఆ మాట కూడా ఈ కత్తిదే. కాకపోతే సంగీతంలోని ఇటాలియన్ 'ఫోర్టే' కలిసిపోయి చివర 'టే' వచ్చి చేరింది. పట్టింపు ఉన్నవాళ్ళు ఇప్పటికీ 'ఫోర్ట్' అనే పలుకుతారు.

మొదటి రోజు మా కోచ్ నా చేతికి ఫాయిల్ అనే సన్నటి కత్తి ఇచ్చి, మొనని తన బొటనవేలితో పక్కకి నెట్టాడు. ఎంత బిగబట్టినా కత్తి పక్కకి పోయింది. తర్వాత అదే వేలు పిడి దగ్గర పెట్టి నెట్టాడు, అంగుళం కదల్లేదు. అంతా మీటసూత్రమే. అందుకే ఎదుటివాడి దెబ్బ కాచుకునేటప్పుడు నీ ఫోర్ట్‌ని వాడి ఫాయ్బుల్‌కి అడ్డం పెట్టాలి. మొనతో కాచుకోబోతే అయిపోయావే.

అసలు తమాషా ఇంకోటి. ఫాయిల్ ఆటలో పాయింటు వచ్చేది మొన తగిలితేనే. అలుగు పొడవు 90 సెంటీమీటర్లకి మించకూడదని రూలు, అందులో ఎదుటివాణ్ణి తాకేది ఆ బలహీనమైన చివరే. ఫాయ్బుల్ లేకుండా గట్టి సగం ఒక్కటే పట్టుకుని వెళ్తే కాచుకుంటూ కూర్చోవాలి, గెలిచేది లేదు.

అరసున్న
👏 ఈ ఒక్క పోస్టు కోసం ఈ వేదికలో ఉండొచ్చు.

టెస్టర్47
ఫాయిల్‌కి ఫాయ్బుల్ ఉంటుంది. ఇది నాలుక తిరగని పరీక్షలో పెట్టాలి.

ముక్కుసూటి
కథ బాగుంది కత్తిసాము గారూ, కానీ వాడకం వేరు. నా సొంత అనుభవం చెప్తాను. రెండేళ్ళ కిందట నా సంవత్సరపు రివ్యూలో 'ఏ ఫ్యూ మైనర్ ఫాయ్బుల్స్' అని రాశారు. ఏమిటవి అనడిగితే నవ్వి 'అబ్బే, చిన్నవే' అన్నారు. జీతం పెంచే దగ్గరికి వచ్చేసరికి ఆ చిన్నవే పెద్దవైపోయాయి. ఇది తప్పు, ఇలా దిద్దుకో అని చెప్తే దిద్దుకుంటాను. ముద్దు మాట పెడితే నేనేం దిద్దుకోను?

వెన్నెలపిట్ట
ముక్కుసూటి గారి బాధ అర్థమైంది. కానీ అక్కడ తప్పు మాటది కాదు, దాన్ని అక్కడ పెట్టినవాళ్ళది. రివ్యూలో రాయాల్సింది 'షార్ట్‌కమింగ్', అంటే చేరాల్సిన గీతకి ఎంత దూరంలో ఆగిపోయావో ఆ తరుగు. అది కొలిచి చూపించొచ్చు. ఫాయ్బుల్‌ని కొలవలేం. అది పని గురించి కాదు, మనిషి గురించి. పనిలో వెలితి చెప్పాల్సిన చోట మనిషి తీరు గురించి మాట్లాడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

నేను అనువాదాలు చేసి బతుకుతాను. ఈ మాటతో ఒకసారి నా పరువు పోయింది, అదీ చెప్పేస్తాను. ఎవరో చనిపోయిన పెద్దాయన గురించి మనవరాలు ఇంగ్లీషులో రాసిన నివాళిని తెలుగు చేయమన్నారు. అందులో 'వీ లవ్డ్ హిజ్ ఫాయ్బుల్స్' అని ఉంది. అర్ధరాత్రి, నిద్రమత్తు, గడువు. 'ఆయన దుర్గుణాలను మేమెంతో ప్రేమించాం' అని రాసి పంపేశాను.

అరసున్న
అయ్యయ్యో 😂

టెస్టర్47
నివాళి కాదది, ఎఫ్ఐఆర్.

వెన్నెలపిట్ట
నవ్వండి నవ్వండి. అదృష్టం, అచ్చుకి పోయేలోపు ఆ అమ్మాయే చూసుకుంది. ఫోన్ చేసి కోప్పడలేదు. 'తాతయ్య రోజూ పేపరు చదివాక మళ్ళీ మడతలు సరిగ్గా వేసి కొత్త పేపరులా పెట్టేవాడండీ, ఇంకెవరైనా ముందు విప్పితే ఆ రోజు చదివేవాడు కాదు. అలాంటివి' అంది. అప్పుడు 'తాతయ్య చాదస్తాలంటే మాకెంత ఇష్టమో' అని మార్చాను. ఆ రోజు నుంచి ఫాయ్బుల్‌కి నా తెలుగు చాదస్తమే. అన్నిచోట్లా అతకదు, కానీ చాలాచోట్ల అతుకుతుంది.

పాతపుస్తకం
చాదస్తం! భలే పట్టారు. ఆ మాట చరిత్ర కూడా ఇలాంటిదే. ఛందస్సు అంటే వేదం, వేదం చదువుకున్నవాడు ఛాందసుడు. గౌరవమైన మాట. జనం నోట్లో పడి నలిగి నలిగి పట్టిందే పట్టు అనే మనిషి తీరు చాదస్తమైంది. ఏడవదగినది అనే మాట ఇంగ్లీషులో ముద్దుమాట అయితే, వేదపండితుడి మాట మన దగ్గర నవ్వుమాట అయింది. ఒకటి కిందనుంచి పైకి, ఒకటి పైనుంచి కిందకి, మధ్యలో కలుసుకున్నాయి.

ఒక్క తేడా మాత్రం ఉంది. చాదస్తంలో అతిశ్రద్ధ వాసన వస్తుంది. గొప్పలు చెప్పుకునే అలవాటు, ప్రతి పందెంలోనూ తానే గెలవాలనే పంతం, పొగిడితే కరిగిపోవడం, ఇవీ ఫాయ్బుల్సే. వీటిని చాదస్తం అనం.

కోడిగుడ్డుఈకలు
'తిక్క' అనొచ్చుగా? వాడికో తిక్క ఉంది అంటాం.

పాతపుస్తకం
తిక్కలో కోపం కలుస్తుంది. 'బుద్ధి' దగ్గరగా వస్తుందేమో. పుర్రెకో బుద్ధి అంటాం కదా, ఆ బుద్ధి. మాటల్లో అయితే 'ఆయన వరస అంతే', 'అదో రకం మనిషి' అని దాటేస్తాం. తెలుగులో ఇది నామవాచకంగా కంటే ఒక భుజం ఎగరేతగా ఎక్కువ ఉందని నా అనుమానం.

కోడిగుడ్డుఈకలు
సరే, ఎలాగూ వచ్చాను కాబట్టి పేరు నిలబెట్టుకుంటాను. పైన అందరూ 'చిన్న లోపం' అనే గోనెసంచిలో అన్నీ వేసేస్తున్నారు. ఫ్లా వేరు, బ్లెమిష్ వేరు, డిఫెక్ట్ వేరు, గ్లిచ్ వేరు, పెకడిల్లో వేరు. ఎవరైనా విడదీసి చెప్పండి. చెప్పాక తప్పులు పట్టుకుంటాను.

రవ్వలదిద్దు
బ్లెమిష్ సంగతి నాకు వదిలేయండి, వజ్రాలు చూడటమే నా పని. మా దగ్గర ఈ తేడా మీద డబ్బు ఆధారపడుతుంది. రాయి లోపల ఉండేది ఇన్‌క్లూజన్, పైన ఉండేది బ్లెమిష్. లోపల ఈకలాంటి పగులు, నల్లటి నలుసు అయితే ఇన్‌క్లూజన్. సానపట్టేటప్పుడు పడిన గీత, అంచున అరిగిన చోటు బ్లెమిష్. పదిరెట్లు పెద్దది చేసి చూపించే లూప్‌లో, పని తెలిసినవాడికి ఈ రెండూ కనపడకపోతేనే 'ఫ్లాలెస్' అంటారు. బ్లెమిష్‌లు మాత్రమే కనిపిస్తే 'ఇంటర్నల్లీ ఫ్లాలెస్'. అంటే పైన గీత ఉన్నా లోపల మచ్చ లేనిది అన్నమాట. కొన్ని గీతలు మళ్ళీ సానపడితే పోతాయి. లోపలిది అలా పోదు.

లూప్ కింద చూసే అలవాటు పడ్డాక ఒక జబ్బు వస్తుంది. కంటికి ఏమీ కనపడని రాయిలో కూడా ముందు మచ్చే వెతుకుతాం. పెళ్ళిలో వధువు ఉంగరం చూసి 'అంచున చిన్న ఈక ఉందండీ' అన్నాను ఒకసారి. మా ఆవిడ అక్కడికక్కడే కాలు తొక్కింది.

అరసున్న
మీ ఫాయ్బుల్ దొరికింది.

రవ్వలదిద్దు
అవునండీ. లోపలిదే, సానపడితే పోదు.

టెస్టర్47
గ్లిచ్ నాది. వృత్తిధర్మం. మనిషికి వాడొద్దు, యంత్రానికి వాడండి. ఉన్నట్టుండి జారి, మళ్ళీ తనంతట తనే సర్దుకునేది గ్లిచ్. తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్‌లో 'జారుడు' అనే మాట నుంచి వచ్చిందంటారు. వ్యోమగామి జాన్ గ్లెన్ 1962లో దీన్ని వివరించాక జనంలో పాకింది. అప్పట్లో కరెంటు వోల్టేజీ ఠక్కున ఎగరడాన్ని అలా అనేవాళ్ళు.

మళ్ళీ మళ్ళీ అదే చోట వస్తే అది గ్లిచ్ కాదు, బగ్. డెవలపర్లు మాత్రం అన్నిటినీ గ్లిచ్ అంటారు. నేను బగ్ రాస్తే 'చిన్న గ్లిచ్, మా మెషీన్‌లో రావట్లేదు' అని మూసేస్తారు. ముక్కుసూటి గారి మేనేజరు లాంటివాళ్ళే, పెద్దదానికి చిన్న పేరు పెట్టడం.

వెన్నెలపిట్ట
పెకడిల్లో నేను చెప్తాను. స్పానిష్‌లో 'పెకాదో' అంటే పాపం, దానికి ముద్దుతోక తగిలిస్తే 'పెకదీయో', పిల్లపాపం. ముఖ్యమైన తేడా ఏమిటంటే పెకడిల్లో చేసే పని, ఫాయ్బుల్ ఉండే గుణం. డైటింగ్‌లో ఉండి రాత్రి ఫ్రిజ్ తలుపు తీయడం పెకడిల్లో. ఎవరు చూసినా చూడకపోయినా తలుపు నాలుగుసార్లు వేసి చూసుకోవడం ఫాయ్బుల్. మొదటిదానికి క్షమాపణ అడగొచ్చు. రెండోదానికి ఏమని అడుగుతాం?

పాతపుస్తకం
ఫ్లా మిగిలిపోయింది. మొదట్లో దానికి రేకు, పెచ్చు అనే అర్థాలుండేవి. గోడకి పెచ్చు ఊడినట్టు. అందుకే ఫ్లాలో ఎప్పుడూ 'ఇది ఇంకా పెరిగి విరుగుతుందేమో' అనే భయం ఉంటుంది. వాదనలో ఫ్లా ఉంటే వాదన కూలుతుంది, డిజైన్‌లో ఫ్లా ఉంటే వంతెన కూలుతుంది. ఫాయ్బుల్ వల్ల ఏదీ కూలదు.

కోడిగుడ్డుఈకలు
ఒక ఈక దొరికింది. 'ఫాయ్బుల్స్ ఆఫ్ మై ఓల్డ్ కార్' అని నేను చదివాను. కారు మనిషా? వెన్నెలపిట్ట గారు మనిషి గురించే అన్నారు.

వెన్నెలపిట్ట
ఆ కారుని మనిషిలా చూసుకుంటున్నాడు కాబట్టే ఆ మాట వాడాడు. షోరూములో కొత్త కారుకి ఫాయ్బుల్స్ ఉన్నాయంటే ఎవరైనా కొంటారా?

కోడిగుడ్డుఈకలు
ఒప్పుకున్నాను. అన్నట్టు నన్ను నిట్‌పికర్ అంటారు ఇంట్లో. నిట్ అంటే పేను గుడ్డు, మన ఈపి. వాళ్ళు తలలో ఈపులు ఏరతారు, మనం గుడ్డు మీద ఈకలు పీకుతాం. వాళ్ళకి ఈపులు నిజంగానే ఉన్నాయి, మనకి ఈకలు లేనే లేవు. కాబట్టి మన నుడికారమే ఘాటు.

మౌనిక_కాదు
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. అందరూ సరదాగా ఉన్నారు, పాడుచేయాలని కాదు, కానీ ఒకటి చెప్పాలి.

మా ఇంట్లో ఒక పెద్దమనిషి ఉండేవాడు. కోపం వస్తే చేతిలో ఏదుంటే అది విసిరేవాడు. ఒకసారి స్టీలు గ్లాసు నా చెవి పక్కనుంచి వెళ్ళి తలుపుకి తగిలింది. ఆ సొట్ట ఆ తలుపు మీద ఇప్పటికీ ఉంది. చుట్టాలొస్తే 'ఆయనకి కోపం ఒక్కటే, మనసు వెన్న' అనేవాళ్ళు. 'చాదస్తం మనిషి' అనేవాళ్ళు. ఇంగ్లీషు చదువుకున్న ఒకాయన అచ్చంగా ఈ మాటే అన్నాడు, 'ఎవ్రీ మ్యాన్ హాజ్ హిజ్ ఫాయ్బుల్స్' అని. నాకప్పుడు పన్నెండేళ్ళు. అర్థం తెలీలేదు, ఆ మాట మాత్రం గుర్తుండిపోయింది.

పాతపుస్తకం గారు 'ఫాయ్బుల్ వల్ల ఏదీ కూలదు' అన్నారు. నిజమే. కాబట్టి ఏదైనా కూలుతుంటే అది ఫాయ్బుల్ కాదని ఎవరో ఒకరు అనాలి. మా ఇంట్లో ఎవరూ అనలేదు.

పాతపుస్తకం
మీరు చెప్పిందే ఈ మాటకి సరైన హద్దు అమ్మా. నేను గుణాల పేర్లు చెప్తూ పోయాను గానీ, దెబ్బ ఎవరికి తగిలింది అనేది అడగలేదు.

ముక్కుసూటి
నేను ఇందాకటి నుంచి చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే. దెబ్బ తిన్నవాడు 'పర్లేదు, చిన్నదే' అనొచ్చు. చూస్తున్నవాడు అనకూడదు. కొట్టినవాడు అసలే అనకూడదు.

అరసున్న
తన గురించి తాను అనుకోవచ్చా మరి? 'నాకూ కొన్ని ఫాయ్బుల్స్ ఉన్నాయండీ' అని?

వెన్నెలపిట్ట
గోళ్ళు కొరకడం గురించైతే అనొచ్చు. ఇంటర్వ్యూలో అంటే మాత్రం నక్కవినయంలా ఉంటుంది.

టెస్టర్47
ఇంతకీ రావుగారేరి? మంట పెట్టి వెళ్ళిపోయారు.

సందేహాలరావు
ఇక్కడే ఉన్నాను, అన్నీ చదివాను. కత్తిసాము గారి పోస్టు రెండుసార్లు. మౌనిక_కాదు గారిది చదివాక నా బాధ మరీ చిన్నదనిపించింది.

సగం మనసు కుదుటపడింది. మిగతా సగం ఇది: ఏ ఫాయ్బుల్స్ అని? నాకేం తెలీదే!

అరసున్న
గురివింద గింజకి కింద నలుపు తెలుస్తుందా? ఆఫీసులో వాళ్ళు మిమ్మల్ని దేనికి ఆటపట్టించేవాళ్ళో చెప్పండి, మేం చెప్తాం.

సందేహాలరావు
పెద్దగా ఏమీ లేదండీ. వెళ్ళేటప్పుడు కుర్చీ బల్ల కిందకి తోశానో లేదో అని లిఫ్టు దగ్గర్నుంచి వెనక్కి వచ్చి చూస్తాను. మెయిల్ పంపాక కామా తప్పు కనపడితే సవరణ మెయిల్ పంపుతాను. సవరణలో తప్పుంటే ఇంకోటి. ఆ... ఫైళ్ళ పేర్లు. ఫైలు పేరు చివర 'ఫైనల్' అని పెడతాను, మళ్ళీ మార్చాల్సి వస్తే 'ఫైనల్ ఫైనల్', ఆ తర్వాత 'రియల్లీ ఫైనల్', ఇంకా మారిస్తే 'రియల్లీ ఫైనల్ దిస్ టైమ్'. ఇది జాగ్రత్త కదా, లోపం ఎలా అవుతుంది?

టెస్టర్47
'పెద్దగా ఏమీ లేదండీ' 😂😂😂

రవ్వలదిద్దు
లూప్ అక్కర్లేదు, మామూలు కంటికే కనపడుతోంది.

వెన్నెలపిట్ట
రావుగారూ, మీకు బహువచనం సరిపోలేదు.

ముక్కుసూటి
సరే, నేను మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈయన విషయంలో మాత్రమే. నా రివ్యూ విషయంలో కాదు.

కోడిగుడ్డుఈకలు
సవరణ మెయిల్‌లో తప్పుకి ఇంకో సవరణ మెయిల్ పంపే మనిషి దొరికాడు. రావుగారూ, మీరు నాకు చుట్టమవ్వాలి.

సందేహాలరావు
ఇప్పుడే ఒకటి జరిగింది. కార్డు మీద ఒక మూల టీ పడింది, సాఫ్ట్ కాపీ ఉంటే పంపమని పాత టీమ్‌లో ఒకతన్ని అడిగాను. కార్డు డిజైన్ మేనేజరమ్మే చేసిందట, ఆవిడ దగ్గర్నుంచి తీసుకుని ఇప్పుడే పంపాడు.

ఫైలు పేరు: 'రావు ఫేర్‌వెల్ కార్డ్ రియల్లీ ఫైనల్ దిస్ టైమ్'.

అరసున్న
అయిపోయింది. కేసు కొట్టేశాం.

టెస్టర్47
థాంక్స్ మెసేజ్ పెట్టారా?

సందేహాలరావు
పెట్టాను. కామా తప్పు పోయింది. ఇంకోటి పెడుతున్నాను.